లూనా ట్యూబు

పెబ్బేరు దాటినంక
కర్నూలు దిక్కు, ఎడమచేతికి,
మూడు లారీ టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి
సున్నంతో ‘పంచర్’ అని రాసిన కాడ నేనుంట.
ఆ రాత కుర్మయ్యది.
మొన్నటి వానకు నడిమి సున్న కొట్టుకపోయి
‘పచర్’ అయింది.
లారీలోళ్లు అట్లనే చదువుకొని ఆగుతరు.

శనివారం. సంతకు పోయే కోడెలు రోడ్డంతా నిండినయి.
వాటి నడుమ నుంచి
ఒకామె సైకిలు నూకుకుంట వచ్చింది.
అరవై దాటినట్టున్నది.
మోకాళ్లు ఇటుకబట్టీల కాలిన రంగు.
భాష లేదు. ఆమె చక్రం చూపెట్టింది,
నేను బకెట్ చూపెట్టిన.
ఈ పనికి అంతకంటె మాటలు అక్కర లేదు.

టీకొట్టు గౌసియ కొడుకు అజీజ్ ఉరికొచ్చి
వాళ్ల మాట ఇప్పి చెప్పిండు:
ఆమె, ఆమె తమ్ముడు, లోకం చుట్టొస్తున్నరంట.
ఒక్క సైకిలు, ఒక్క కారు.
ఈ దినం ఆమె తొక్కితే అతను నడుపుతడు,
రేపు అతను తొక్కితే ఈమె నడుపుతది.
రెండేండ్లాయెనంట ఇల్లు విడిచి.
కారు బీచుపల్లి వంతెన కాడ చూస్తున్నదంట ఈమె కోసం.
“ఎందుకంట ఇదంత?” అన్న.
అజీజ్ అడిగిండు. ఆమె నవ్వింది.
ఆ నవ్వును వాడు నాకు తెలుగుల చెప్పలేకపోయిండు.

ట్యూబు నీళ్ల ముంచితే
బుడగలు సన్నంగ, జీలకర్ర గింజలంత.
టైరు లోపల వేలు తిప్పితే ముల్లు దొరికింది.
ఇరవై ఏండ్ల సంది ముండ్లు తీస్తున్న నేను.
తుమ్మముల్లు ఎర్క, రేగుముల్లు ఎర్క,
పల్లేరుకాయ ఏ కొమ్ముతో గుచ్చిందో చూడకుండ చెప్త.
ఇది వాటిల ఏదీ కాదు.
తెల్లగ, కొస వంగి, పిల్ల పాలపన్ను లెక్క.
ఏ దేశంల ఎక్కిందో,
ఎన్ని ఊర్లు రబ్బరుల కూసొని చప్పుడు లేకుండ వచ్చిందో,
పెబ్బేరు కాడ దిగింది.

కొన్న అతుకులు అయిపోయినయి, సంతనాడు బేరం ఎక్కువ.
గోడ మేకుకు కుర్మయ్య లూనా ట్యూబు ఉన్నది.

ఆ లూనా సంగతి చెప్పాలె.
కుర్మయ్య పదేండ్లు బొంబాయి, సూరత్, ఇంకెక్కడెక్కడనో
కాలువ తవ్వకాలకు పోయిండు.
గుంపుమేస్త్రి లారీ ఎక్కిస్తే ఎక్కిండు, దింపితే దిగిండు.
ఏ ఊరు అంటె “తెలవదు, మట్టి ఎర్రగుండె” అనేటోడు.
తిరిగొచ్చి లూనా కొన్నడు,
ఇగ నేను తిప్పిన దిక్కే చక్రం తిరగాలె అని.
కురుమూర్తి జాతరకు పోయినం. అలంపురం పోయినం.
శ్రీశైలం అని బయలెల్లితే
మన్ననూరు దాటంగనే మూలిగి కూసున్నది.
కోతులు చూస్తుండంగ
ఇద్దరం నూకుకుంట వెనుకకు.
“మళ్లొచ్చే ఏడు” అన్నడు.
ఆ ఏడు ఆయన లేకుండనే వచ్చింది.

రెండు వేళ్ల వెడల్పు ముక్క కత్తిరించిన.
గీరిన, సొల్యూషన్ రాసిన, నోటితో ఊదిన,
అతికించి సుత్తెతో పిల్లను జోకొట్టినట్టు కొట్టిన.
వాల్వు సన్నది, నా పంపు పట్టలే.
ఆమె సంచిల నుంచి గోరంత ఇత్తడి మర తీసి తగిలించింది.
చెరో పదిసార్లు కొట్టినం గాలి.

ముప్పై అన్న. అయిదు వందల నోటిచ్చి
ఉంచుకొమ్మని చెయ్యి ఊపింది.
నేనేమన్న అడుక్కుంటున్ననా?
గౌసియ గల్లల నుంచి చిల్లర తెచ్చి
నాలుగు వందల డెబ్బై లెక్కపెట్టి చేతుల పెట్టిన.
ఎక్కి పోయింది. కోడెల నడుమ ఎర్రటోపీ.
తర్వాత కోడెలే.

ఇప్పుడు అన్నం తింటుంటె యాదికొస్తది:
ఆ ముక్క ఏ వానల తడుస్తున్నదో అని.
కాదు, లోపల ఉంటది గద, తడవదు.
చీకట్ల గాలిని పట్టుకొని తిరుగుతుంటది.
పెద్ద గుట్టలొస్తే కారు నెత్తి మీద కూసుంటదేమో.
ఊడిందా? నా అతుకు ఊడదు.
ట్యూబే తీసి పారేసినరా? అది నా చేతిల లేదు.

ముల్లు సొల్యూషన్ డబ్బా మూతల ఉన్నది.
నాటితే మొలుస్తదా అని గౌసియ అడుగుతది.

పొద్దున బడిపిల్ల వచ్చింది, ముందు చక్రం గాలి లేదు.
లూనా ట్యూబు కిందికి దించిన.
కత్తెర పెట్టి, ఆగి,
మళ్ల కోసిన.
ఇది రంగాపురం దాంక పోతది.